మన చెరకు, వాళ్ల చమురు

సీతమ్మధార బంకులో లీటరు పెట్రోలు పోయించుకుంటే అందులో 200 మిల్లీలీటర్లు పెట్రోలు కాదు. చెరకు రసాన్నో, మొలాసిస్‌నో, మొక్కజొన్ననో, నూకల్నో మురగబెట్టి తీసిన ఇథనాల్. 2003 జనవరిలో తొమ్మిది రాష్ట్రాల్లో 5 శాతం కలపాలని కేంద్రం మొదలుపెట్టినప్పుడు ఆ తొమ్మిదింటిలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. పందొమ్మిదేళ్లు కుంటినడక నడిచి 2022 జూన్ నాటికి అది 10 శాతం అయింది. ఆ తర్వాత మూడేళ్లలో పరుగుపెట్టి 2025 నాటికి 20 శాతానికి చేరింది. 2018 జీవ ఇంధన విధానం ఆ 20 శాతానికి 2030 దాకా గడువు పెట్టుకుంటే, 2022లో దాన్ని 2025-26కి ముందుకు జరిపారు. అనుకున్న గడువు కంటే ముందే ముగిసిన సర్కారు పనులు ఈ దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇది అందులో ఒకటి. ఎందుకంత తొందర, ఎవరికి తొందర అని అడగడం మన పని.

చెప్పే మాట వినసొంపుగానే ఉంది. దేశానికి కావలసిన ముడి చమురులో 85 శాతానికి పైగా బయటినుంచే వస్తోంది. అందులో కొంత మన రేవులోనే దిగుతోంది. మన రిఫైనరీలోనే శుద్ధి అవుతోంది. మన విశాఖ భూగర్భంలో 13 లక్షల టన్నులకు పైగా ముడి చమురును అత్యవసర నిల్వగా దాచే గుహలు కూడా తొలిచారు. పొగ మనకి, పైపులైను మనకి, ప్రమాదభయం మనకి. ఆ చమురు మీద పోసే డాలర్లను మిగిల్చి మన రైతు చేతిలో పెడతామంటే కాదనేదెవరు? "అన్నదాత ఇంధనదాత కావాలి" అని ఢిల్లీ పెద్దలు సభల్లో చెబుతుంటే చప్పట్లు కొట్టనిదెవరు?

చప్పట్లు అయ్యాక లెక్క చూద్దాం. మన లెక్క అనకాపల్లి నుంచి మొదలవ్వాలి.

1913లోనే చెరకు పరిశోధనా కేంద్రం పెట్టిన ఊరు అనకాపల్లి. బెల్లం మార్కెట్‌గా దేశంలో ముందు వరసలో నిలిచిన ఊరు. పక్కనే ఏటికొప్పాకలో 1933లో రైతులే వాటాలు వేసుకుని సహకార చక్కెర ఫ్యాక్టరీ పెట్టుకున్నారు. దేశంలో సహకార చక్కెర ఫ్యాక్టరీ అనే మాటకు తొలి ఆనవాళ్లలో అదొకటి. మహారాష్ట్ర సహకార చక్కెర గురించి పుస్తకాలు రాసేవాళ్లు ఏటికొప్పాక పేరు రాయరు. లక్క బొమ్మలు ఉండబట్టి ఆ ఊరికి ఆ మాత్రమైనా పేరు మిగిలింది. తర్వాత తుమ్మపాల, గోవాడ, పాయకరావుపేట దగ్గర తాండవ, విజయనగరం జిల్లాలో భీమసింగి, శ్రీకాకుళం జిల్లాలో ఆమదాలవలస. ఇన్ని సహకార ఫ్యాక్టరీల చుట్టూ మొక్క తోటలు, కార్శి తోటలు, నాటు బళ్లు, తర్వాత ట్రాక్టర్లు, గేటు ముందు రాత్రంతా బారులు. మూడు జిల్లాల రైతు ఇంట పెళ్లిళ్లు, పిల్లల చదువులు చెరకు బిల్లు వచ్చే నెలను బట్టి నడిచాయి. ఈ పత్రిక చదివే ఉద్యోగుల్లో ఎంతమంది ఆ బిల్లుతో కట్టిన ఫీజులతో డిగ్రీ చదివారో వాళ్లకే తెలుసు.

ఇవాళ వాటిలో ఎన్ని ఉన్నాయి? ఆమదాలవలస ముందే పోయింది. తుమ్మపాల, భీమసింగి, తాండవ, ఏటికొప్పాక ఒకదాని వెనక ఒకటి గత పదేళ్ల చిల్లరలో మూతపడ్డాయి. మిగిలిన గోవాడలో బకాయిల కోసం రైతు రోడ్డెక్కని సంవత్సరం లేదు. నిజాం షుగర్స్ కింద ఉండి ప్రైవేటు చేతికి పోయిన సీతానగరం మండలం లచ్చయ్యపేట ఫ్యాక్టరీ కథ అందరికీ గుర్తే. 2021 నవంబరులో తమ చెరకు డబ్బు తమకివ్వమని అడిగిన రైతుకూ పోలీసుకూ మధ్య రాళ్లు, లాఠీలు నడిచాయి. నిలకడగా ఆడుతున్నది సంకిలిలోని ప్రైవేటు ఫ్యాక్టరీ. దానికి డిస్టిలరీ ఉంది. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకోండి. మిగతా కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

టన్ను చెరకుతో లెక్క కడదాం. 2025-26 సీజనుకు కేంద్రం ప్రకటించిన ధర క్వింటాలుకు 355 రూపాయలు. అది 10.25 శాతం రికవరీకి. మన కోస్తా గాలికి, మన నేలకు అంత రికవరీ రావడం అరుదు. 9.5 శాతం, అంతకంటే తక్కువైతే ఇచ్చేది 329 రూపాయలు. అంటే టన్నుకు 3,290. అదే టన్ను చెరకు రసాన్ని నేరుగా ఇథనాల్ చేస్తే సుమారు 70 లీటర్లు వస్తుంది. చమురు కంపెనీలు రసం ఇథనాల్‌కు లీటరుకు 65 రూపాయల 61 పైసలు ఇస్తున్నాయి. 4,590 రూపాయలు. మధ్యలో 1,300. పిప్పి బాయిలరుకు పోగా కరెంటు కూడా ఇస్తుంది. ఈ 1,300లో ఫ్యాక్టరీ జీతాలు, ఆవిరి, మరమ్మతులు, బ్యాంకు వడ్డీ పోవాలి, నిజమే. అదంతా లాభమని అనడం లేదు. కానీ చమురు కంపెనీ కొంటానని ముందే మాటిచ్చి, ధర ముందే ప్రకటించి, బిల్లు వారాల్లో చెల్లించే సరుకు ఇంకేదైనా పల్లెలో పుడుతోందా? బ్యాంకు అప్పివ్వడానికి అంతకంటే మంచి పూచీ ఏముంటుంది?

రసం మాట వదిలేద్దాం. చక్కెరే చేసుకుని, మిగిలిన మొలాసిస్ నుంచి మాత్రమే ఇథనాల్ తీసినా టన్ను చెరకుకు 10, 11 లీటర్లు వస్తుంది. ఆ రకం ఇథనాల్ ధర 2024-25లో 57 రూపాయల 97 పైసలు. అంటే టన్నుకు 600 రూపాయల పైచిలుకు. ఒక ఫ్యాక్టరీ సీజనుకు 2 లక్షల టన్నులు ఆడిందనుకోండి, పన్నెండు కోట్లు. మొలాసిస్‌ను మొలాసిస్‌గానే అమ్మితే వచ్చేది ఇందులోంచి తీసేయాలి, తయారీ ఖర్చు తీసేయాలి. అలా తీసేసినా ఏటా కొన్ని కోట్లు మిగిలేవి. మన సహకార ఫ్యాక్టరీలను ముంచిన బకాయిలు వందల కోట్లేమీ కావు. ఒక్కో సీజనుకు చూస్తే ఇలాంటి అంకెలే. అంటే చావుకీ బతుక్కీ మధ్య ఉన్నది సరిగ్గా ఈ డిస్టిలరీ గోడే.

ఆ గోడ ఎవరూ కట్టలేదు. 2018 నుంచి డిస్టిలరీలకు వడ్డీ రాయితీతో అప్పులన్నారు. 2022 తర్వాత సహకార చక్కెర ఫ్యాక్టరీలకని జాతీయ సహకార అభివృద్ధి సంస్థకు వెయ్యి కోట్లు గ్రాంటు ఇచ్చి, దాని మీద పదివేల కోట్ల అప్పులన్నారు. 2025 మార్చిలో సహకార ఫ్యాక్టరీల ఇథనాల్ ప్లాంట్లు మొక్కజొన్నతో కూడా నడిచేలా మార్చుకోవడానికి మళ్లీ రాయితీ అన్నారు. ఈ పథకాలన్నింటికీ ఒకటే షరతు: ముందు నీకు ఆడుతున్న ఫ్యాక్టరీ ఉండాలి, బ్యాంకులో పరపతి ఉండాలి. ఉన్నవాడికి ఉంగరం, లేనివాడికి లెటరు. మహారాష్ట్ర సహకార ఫ్యాక్టరీలకు డిస్టిలరీలు అప్పటికే ఉన్నాయి. వాళ్లకు అందింది. మన ఫ్యాక్టరీలు మొలాసిస్ ట్యాంకర్లకు ఎత్తి పంపే దగ్గరే ఆగిపోయాయి. ఇథనాల్‌కు ధర వచ్చేసరికి మన గేట్లకు తాళాలు పడ్డాయి. రాష్ట్రంలో ఏ పార్టీ ఏలినా ఎన్నికల ముందు "చక్కెర ఫ్యాక్టరీలు తెరిపిస్తాం" అనడం, తర్వాత కమిటీ వెయ్యడం, కమిటీ నివేదిక నాటికి యంత్రాలు తుప్పుపట్టడం. ఇందులో రంగులు మారాయిగాని రాగం మారలేదు. రాజధాని ఎక్కడో ఉంటుంది, నిర్ణయం ఎక్కడో జరుగుతుంది, తుప్పు మాత్రం తుమ్మపాలలో పడుతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. డిస్టిలరీ ఉన్నంత మాత్రాన రైతుకు వాటా వస్తుందా? రాదు. చట్టమే రానివ్వదు. 1966 చెరకు నియంత్రణ ఉత్తర్వులో 1974లో 5-ఎ అనే క్లాజు చేర్చారు. చక్కెర అమ్మకంలో వచ్చిన అదనపు రాబడిని ఫ్యాక్టరీ, రైతు చెరిసగం పంచుకోవాలని అందులో ఉండేది. అమలైన చోట అయింది, కాని చోట కాలేదు. 2009లో కనీస ధర స్థానంలో "న్యాయమైన, గిట్టుబాటు ధర" తెచ్చినప్పుడు ఆ క్లాజునే ఎత్తేశారు. పేరులో న్యాయం చేరింది, చట్టంలోంచి వాటా పోయింది. 2012లో రంగరాజన్ కమిటీ చక్కెరతో పాటు ఉపఉత్పత్తుల రాబడిలో కూడా 70 శాతం రైతుకు చేరాలని సిఫారసు చేసింది. ఆ సిఫారసు ఎక్కడుందో ఢిల్లీలో బీరువాలను అడగాలి. చమురు ధర పెరిగితే, ఇథనాల్ ధర పెరిగితే ఆ పెరుగుదల చెరకు ధరలోకి పారే కాలవ ఏదీ ఇవాళ లేదు.

బ్రెజిల్‌ను చూడమని మనకు అందరూ చెబుతారు. చూద్దాం. 1973లో చమురు ధర మండిన తర్వాత 1975లో ఆ దేశం చెరకు ఇంధనం మీద పడింది. అక్కడ కూలీల రక్తం ఎంత పిండారన్నది వేరే కథ. అదంతా స్వర్గమని మనం అనం. కానీ 1999లో సావో పాలో రాష్ట్రంలో చెరకు రైతుల సంఘాలూ మిల్లుల సంఘాలూ కూర్చుని కోన్సెకానా అనే పద్ధతి పెట్టుకున్నాయి. చక్కెర ధర, ఇథనాల్ ధర నెలనెలా ఎంత పలికాయో చూసి, అందులో చెరకు వాటా ఇంత అని లెక్కగట్టి రైతుకు చెల్లించడం. బ్రెజిల్ కారు ఇంజనును మన పాలకులు దిగుమతి చేసుకున్నారు. ఈ లెక్కను మాత్రం రేవులో దించలేదు.

చెరకు పోయింది కాబట్టి ఇప్పుడు మొక్కజొన్న అంటున్నారు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో మొక్కజొన్న ఎలా పెరిగిందో రబీలో బస్సు కిటికీలోంచి చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. దేశమంతా చూసినా ఇథనాల్ చెరకు నుంచి గింజకు మళ్లింది. 2023 డిసెంబరు 7న, చక్కెర తగ్గుతుందన్న భయంతో, చెరకు రసాన్ని ఇథనాల్‌కు వాడొద్దని కేంద్రం ఒక్క ఉత్తర్వుతో ఆపేసింది. వారం దాటగానే పరిమితితో సడలించింది. 2024 ఆగస్టులో పూర్తిగా ఎత్తేసింది. దానికి కొద్ది నెలల ముందే, 2023 జులైలో, ఎఫ్‌సీఐ బియ్యం డిస్టిలరీలకు ఇవ్వడం ఆపింది. తర్వాత మళ్లీ తెరిచింది. రైతు విత్తనం వేసి పన్నెండు నెలలు ఆగాలి. సర్కారు మాట పన్నెండు రోజులు ఆగదు.

టన్ను మొక్కజొన్న నుంచి సుమారు 380 లీటర్ల ఇథనాల్ వస్తుంది. దాని ధర లీటరుకు 71 రూపాయల 86 పైసలు. అంటే టన్నుకు 27,300. 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 2,400, టన్నుకు 24,000. మిగిలిన పిప్పిని పశువుల దాణాగా అమ్ముకోవచ్చు. రైతుకు మద్దతు ధర నిజంగా ఇస్తే డిస్టిలరీకి మిగిలేది సన్నటి అంచు. మరి డిస్టిలరీ లాభం ఎక్కడినుంచి రావాలి? గింజను మద్దతు ధర కంటే తక్కువకు కొనడంలోంచి రావాలి. 2024లో మొక్కజొన్న ధర ఎగిసినప్పుడు కోళ్ల ఫారాల వాళ్లు గగ్గోలు పెట్టారు. ఏళ్లతరబడి మొక్కజొన్న ఎగుమతి చేసిన దేశం ఆ ఏడు దిగుమతి చేసుకుంది. గుడ్డు ధర పెరిగిందని సీతమ్మధార రైతుబజారులో తిట్టుకున్నవాళ్లకు ఆ గింజ పెట్రోలు ట్యాంకులోకి పోతోందని ఎవరూ చెప్పలేదు. 2025 చివరికొచ్చేసరికి కథ తిరగబడింది. కర్ణాటకలో మొక్కజొన్న రైతులు మద్దతు ధరకు ఎంతో దిగువన అమ్ముకోలేక రోడ్లెక్కారు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. ఇథనాల్ వచ్చాక కూడా సామెత మారలేదు.

ఎందుకు మారలేదో చూడండి. 2025-26 సరఫరా సంవత్సరానికి చమురు కంపెనీలు అడిగింది 1,050 కోట్ల లీటర్లు. డిస్టిలరీలు ఇస్తామన్నది 1,776 కోట్ల లీటర్లు. కేటాయించినది 1,048 కోట్లు. అందులో మొక్కజొన్నది 45 శాతానికి పైమాటే, చెరకుది 28 శాతం లోపు. అంటే రాయితీ వడ్డీలతో కట్టిన డిస్టిలరీల్లో దాదాపు ఐదింట రెండు వంతులు పని లేకుండా కూర్చోవాలి. కూర్చున్న యంత్రం వడ్డీ ఆగదు. ఆ ఒత్తిడి రెండు వైపులకు పోతుంది. పైకి పోతే 20 శాతాన్ని 27 చెయ్యండి, 30 చెయ్యండి అని ఢిల్లీ మీద. కిందికి పోతే గింజ ధర తగ్గించమని రైతు మీద. ఏ వైపు తేలికో చెప్పనక్కర్లేదు. ఇది చాలదన్నట్టు తమ ఇథనాల్‌కు ఇండియా తలుపు మూసిందని అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం 2025లోనే ఫిర్యాదు రాసిపెట్టింది. తన మొక్కజొన్నలో మూడో వంతుకు పైగా ఇథనాల్ చేసే దేశంతో మన నెల్లిమర్ల రైతు పోటీ పడాలి.

బియ్యం సంగతి రెండు మాటల్లో. 2024-25లో 52 లక్షల టన్నుల ఎఫ్‌సీఐ బియ్యాన్ని కిలో 22 రూపాయల 50 పైసలకు డిస్టిలరీలకు కేటాయించారు. ఆ కిలో బియ్యం సేకరించి, మరపట్టి, గోదాములో దాచేసరికి సర్కారుకు పడేది నలభై రూపాయల దగ్గర. రేషను డిపోలో వేలిముద్ర పడలేదని ముసలమ్మను తిప్పి పంపే ప్రభుత్వం, కిలోకు పదిహేడు రూపాయల ప్రజాధనం కలిపి పెట్రోలు ట్యాంకుకు అన్నం పెడుతోంది.

మోసం కొత్తది కాదు, మందు కొత్తది. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ అడవి ఆముదం గురించి ఎంత చెప్పిందో పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది. బంజరులో పెరుగుతుంది, నీళ్లు అక్కర్లేదు, మేకలు తినవు, కోటి హెక్టార్లకు పైగా వేస్తే డీజిలులో 20 శాతం మనదే అన్నారు. మన రాష్ట్రంలో వర్షాభావ ప్రాంతాల పేరుతో ఒక శాఖే నడిచింది. నర్సరీల వాళ్లు మొక్కలమ్ముకున్నారు. నీళ్లు లేకపోతే మొక్క బతికిందిగాని కాయ కాయలేదు. నీళ్లు పెడితే కాస్తుంది, కానీ నీళ్లే ఉంటే ఆ రైతు అడవి ఆముదం ఎందుకు వేస్తాడు? కాకినాడ రేవు దగ్గర బయోడీజిల్ ఫ్యాక్టరీలు మాత్రం లేచాయి. గింజ రాకపోయేసరికి పామాయిలు సరుకు దిగుమతి చేసుకుని నడిపారు. 2007లో మెదక్ జిల్లా సంగారెడ్డి దగ్గర మహమ్మద్ షాపూర్‌లో తీపి జొన్న నుంచి ఇథనాల్ తీసే డిస్టిలరీని ఇక్రిశాట్ సాయంతో మొదలుపెట్టారు. ప్రపంచంలోనే మొదటిదన్నారు. జొన్న సొప్ప కోసిన వెంటనే ఆడాలి, ఏడాదిలో కొద్ది వారాలే దొరుకుతుంది. మిగతా నెలలు యంత్రానికి మేత లేదు. అదీ ఎక్కువకాలం నిలవలేదు. ఈ మొత్తంలో కాస్త నికరంగా కనిపించింది ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ గోండు మహిళలు చేసిన పనే. కానుగ మొక్కలు పెంచి, గింజ ఆడించి, నూనె వల్ల తగ్గే 147 టన్నుల బొగ్గుపులుసు వాయువు లెక్కను 2003లో ప్రపంచ బ్యాంకుకు 645 డాలర్లకు అమ్మారు. చిన్న మొత్తమే. కానీ చెట్టు వాళ్లది, గానుగ వాళ్లది, డబ్బు వాళ్లది.

ఇంజినీరింగ్ విద్యార్థులకు ఇంకో లెక్క అప్పగిస్తున్నాం, సరిచూసుకోండి. ఎకరానికి 30 టన్నుల చెరకు పండిందనుకోండి. 2,100 లీటర్ల ఇథనాల్. ఇథనాల్‌లో శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే కాబట్టి 1,400 లీటర్ల పెట్రోలుతో సమానం. లీటరుకు 15 కిలోమీటర్ల లెక్కన కారు 21 వేల కిలోమీటర్లు పోతుంది. ఎరువుకు, ట్రాక్టరుకు, ఫ్యాక్టరీ ఆవిరికి కాలిన ఇంధనం ఇందులోంచి ఇంకా తీసేయలేదు. అదే ఎకరంలో సౌర ఫలకాలు వేస్తే ఏడాదికి 3 లక్షల యూనిట్లు. యూనిట్‌కు 6 కిలోమీటర్లు పోయే కరెంటు కారు 18 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఎనభై రెట్లకు పైమాటే. భూమినుంచి శక్తి తీయడమే లక్ష్యమైతే చెరకు కంటే అద్దం నయం. అయితే అద్దానికి కలుపు తీసే కూలి అక్కర్లేదు, నరికే కూలి అక్కర్లేదు, కౌలు మాత్రం భూమి పట్టా ఉన్నవాడికి వస్తుంది. అందుకే పంటే నయమంటాం. కానీ అలా అన్నప్పుడు ఇది పర్యావరణం కోసమని, శక్తి కోసమని చెప్పడం మానాలి. ఇది రైతుకు, కూలీకి నాలుగు డబ్బులు ఇవ్వడం కోసం అని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఆ నాలుగు డబ్బులు వాళ్లకు చేరుతున్నాయా అన్నదే ఏకైక పరీక్ష అవుతుంది. అందుకే ఎవరూ ఒప్పుకోరు.

మైలేజీ పడిపోయిందని బండ్లమీద తిరిగే ఉద్యోగులు గొణుగుతున్నారు. పాత కార్లలో 6, 7 శాతం, పాత ద్విచక్ర వాహనాల్లో 3, 4 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021లోనే రాసింది. తగ్గిన మైలేజీకి తగ్గట్టు బంకులో ధర తగ్గాలని కూడా అదే రాసింది. ధర మాత్రం తగ్గలేదు. రైతుకు పూర్తిగా రాక, బండివాడికి తగ్గక, మధ్యలో మిగిలింది ఎవరిదగ్గరుందో వెతకడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

నీళ్ల లెక్క కూడా అదే నివేదికలో ఉంది. చెరకు నుంచి లీటరు ఇథనాల్‌కు 2,860 లీటర్ల నీళ్లు. శారద మీది రైవాడ నీళ్లు పొలాలకివ్వాలని దేవరాపల్లి, కె.కోటపాడు, చోడవరం రైతులు ఏళ్లుగా అడుగుతున్నారు. ఆ నీళ్లు విశాఖకు పైపుల్లో వస్తున్నాయి. ఏలేరు నీళ్లు ఉక్కు ఫ్యాక్టరీకి, నగరానికి. మనం తాగుతున్నది ఒకరి పొలం తడి అని సీతమ్మధారలో కుళాయి తిప్పే ప్రతి ఇంటికీ తెలియాలి. రేపు డిస్టిలరీ వస్తే అది కూడా ఇదే గొంతులో గొట్టం పెడుతుంది. గోదావరి నీళ్లు ఉత్తరాంధ్ర సుజల స్రవంతి పేరుతో వస్తాయని శంకుస్థాపన రాళ్లు చెబుతున్నాయి. రాళ్లు తడవలేదు.

వాసన సంగతి తెలంగాణ మిత్రుల్ని అడగండి. నారాయణపేట జిల్లా చిత్తనూరులో 2023లో, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో, గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో 2025 జూన్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ మాకొద్దని ఊళ్లకు ఊళ్లు రోడ్డు మీద కూర్చున్నాయి. దిలావర్‌పూర్‌లో జాతీయ రహదారి దిగ్బంధమయ్యాక పనులు ఆపమని ప్రభుత్వం చెప్పక తప్పలేదు. ఆ రైతులు అభివృద్ధి వ్యతిరేకులు కారు. ముందు అడగలేదన్నదే వాళ్ల కోపం. ఎందుకు అడగలేదంటే, 2021 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ పెట్రోలులో కలిపే ఇథనాల్ మాత్రమే చేస్తామని హామీపత్రం ఇచ్చిన ప్లాంట్లను ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేని బి2 జాబితాలో పెట్టింది. మందు తయారుచేస్తే ఊరిని అడగాలి, ఇంధనం తయారుచేస్తే అక్కర్లేదు. రెండిటి మురుగూ ఒకటే. పరవాడ ఫార్మా గాలి పీల్చిన మనకు ఈ సూక్ష్మం విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇంతకీ చెరకు పోయిన చేలల్లో ఇప్పుడేముంది? సరుగుడు, నీలగిరి. నాలుగేళ్లకోసారి నరికి కాగితం మిల్లుకో, పొయ్యికో పంపేది. ఇదీ ఇంధన పంటే, ఎవరూ సభ పెట్టని ఇంధన పంట. బుగత నగరంలో ఉంటాడు, చెట్టు పొలంలో ఉంటుంది, కూలి బెంగళూరు, చెన్నై రైలెక్కుతాడు. చెరకు ఎకరానికి నాట్లు, జడచుట్టు, నరుకుడు, మోత అని ఎంతమంది చేతులు కావాలో, సరుగుడుకు ఎన్ని చాలో వలస బస్సులు లెక్క చెబుతాయి. ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకు వదలని రైతు బెల్లం పెనం వైపు పోయాడు. బెల్లం వండేవాడు పిప్పినే పొయ్యిలో పెడతాడు. చెరకు తన ఇంధనం తానే తెచ్చుకుంటుంది. పైనుంచి ఏ విధానమూ రాకముందే నడుస్తున్న జీవ ఇంధన పరిశ్రమ అది. టన్నుకు వంద కిలోల బెల్లం, కిలో 40 పలికితే నాలుగు వేలు. కూలి పోను ఫ్యాక్టరీ ధరకు అటూ ఇటూ.  సింహాద్రి విద్యుత్ కేంద్రం బొగ్గులో పంట వ్యర్థాల గుళికలు కలపాలని కేంద్ర నిబంధన చెబుతోంది. ఆ గుళికలు మన వరి గడ్డితో, మన పిప్పితో, మన మహిళా సంఘాల యంత్రాల మీద తయారవ్వాలని అడిగిన ప్రజాప్రతినిధి ఒక్కరైనా ఉన్నారా? పంట భూమిని మళ్లించకుండా ఇంధనం తీసే దారి అది. 2022లో పానిపట్‌లో వరి గడ్డి నుంచి ఇథనాల్ తీసే ప్లాంటు పెట్టారు. పానిపట్‌కు గడ్డి దొరికినప్పుడు నాగావళి, వంశధార ఆయకట్టులో దొరకదా?

మనం అడగాల్సినవి కొత్తగా కనిపెట్టేవేం కావు. ఇథనాల్, కరెంటు రాబడిలో రైతు వాటా చట్టంలోకి తిరిగి రావాలి. 5-ఎ పోయిన చోట రంగరాజన్ 70 శాతం పెట్టమనాలి. గోవాడ ఫ్యాక్టరీకి డిస్టిలరీ, పాత అప్పు మాఫీ చేసి, రాష్ట్ర ప్రభుత్వం పూచీతో కట్టాలి. సంకిలికి సాధ్యమైంది గోవాడకు ఎందుకు కాదో ముఖాముఖి చెప్పాలి. మూతపడ్డ ఫ్యాక్టరీల భూములు రైతుల వాటా డబ్బుతో కొన్నవి. వాటిని స్థిరాస్తి బేరానికి పెడితే ఆ గేటు దగ్గర ముందు నిలబడాల్సింది వాటాదారుల పిల్లలు, అంటే ఇవాళ ఆంధ్రా యూనివర్సిటీ హాస్టళ్లలో ఉన్నవాళ్లు. వాటా పత్రాలు ఇంకా ఇంట్లో ట్రంకు పెట్టెల్లో ఉండే ఉంటాయి. పండక్కి ఊరెళ్లినప్పుడు తీసి నంబర్లు రాసుకు రండి. ఎన్ని వాటాలు, ఎంత బకాయి, ఏ ఏడాదిది అన్న జాబితా మన చేతిలో ఉంటే కలెక్టరు దగ్గర మాట్లాడే తీరే వేరు.

కొత్త డిస్టిలరీ ఏ మండలానికి వస్తుందన్నా ముందు రెండు కాగితాలు అడగండి: నీళ్లు ఏ గెడ్డనుంచి, మురుగు ఏ గెడ్డలోకి. బి2 జాబితాలో ఉన్నా సరే, గ్రామసభ తీర్మానం చెయ్యకుండా ఎవరూ ఆపలేరు.